రెండ్రోజుల మాస్టారు

మా ఆఫీసులో ఆయన్ని అందరూ రెండ్రోజుల మాస్టారు అనేవాళ్లు. మేం అమ్మేది లేజర్ మిషన్లు. చెక్క, అక్రిలిక్, రబ్బరు, ఏది పెట్టినా దాని మీద సన్నటి కాంతితో కాల్చి పేర్లూ బొమ్మలూ చెక్కుతాయవి. మిషన్ కొన్నవాళ్లకి రెండు రోజుల శిక్షణ ఉచితమని మా కాగితాల్లో ఉండేది. ఊరూరా తిరిగి ఆ రెండు రోజులూ నేర్పి వచ్చే మనిషి ఆయన. మొదటి రోజు పొద్దున తొమ్మిదికి సంచీ తెరిస్తే, రెండో రోజు సాయంత్రం ఐదింటికి మూసేవాడు. "ఇంకొక్క రోజు ఉండి వెళ్లండి మాస్టారూ" అని బతిమాలని చోటు లేదు. ఉండేవాడు కాదు. "నా మూడో రోజు ఇంకొకళ్లకి మొదటి రోజు" అనేసి బస్సెక్కేవాడు.

నేనక్కడ గుమాస్తాని. ఆర్డర్లు రాసుకోవడం, డబ్బు జమైందో లేదో చూసుకోవడం, ఏ మిషన్ ఏ లారీలో వెళ్లిందో కనుక్కోవడం, మాస్టారిని ఎప్పుడు ఎక్కడికి పంపాలో చెప్పడం నా పని. ఆయన ఎక్కడ తిన్నాడో ఎక్కడ పడుకున్నాడో వాళ్లావిడకంటే నాకే ముందు తెలిసేది. "మా ఆయన నాక్కూడా రెండ్రోజులే దొరుకుతాడు, అవీ వరసగా కాదు" అని ఆవిడ ఓసారి ఆఫీసుకొచ్చి నవ్వుతూనే అంది. నవ్వు మాట వరసకే.

ఆయన పుట్టుకతో మిషన్ మనిషి కాదు. ఇరవయ్యేళ్లు ఇత్తడి పలకల మీద ఉలితో పేర్లు చెక్కాడు. ఎడం భుజం కిందికి వాలి ఉండేది, బల్ల మీదికి వంగి వంగి. వకీళ్లూ డాక్టర్లూ ఆయన చేతి పలక కోసం నెల రోజులు ఆగేవాళ్లట. ఒక ఏడాది ఎదురు కొట్టువాడు మా దగ్గర మిషన్ కొన్నాడు. ఈయన రోజంతా ఇత్తడి మీద చెక్కే పలక అక్కడ అక్రిలిక్ మీద టీ తాగి వచ్చేలోపు తయారయ్యేది. ఆర్నెల్లు ఓపిక పట్టాడు. ఏడో నెలలో ఉలి సంచీ భుజాన వేసుకుని మా ఓనరుగారి దగ్గరికి వచ్చి, "నా పొట్ట కొట్టింది మీ మిషనే. ఇప్పుడు అన్నం పెట్టాల్సిందీ అదే" అన్నాడు. ఓనరు నవ్వి పనిలో పెట్టుకున్నాడు.

నేర్పడంలో ఆయనకి సాటి లేరు. మిగతావాళ్లు కంప్యూటర్‌తో మొదలుపెట్టేవాళ్లు. ఆయన నీళ్లతో మొదలుపెట్టేవాడు. మిషన్ లోపల గాజు గొట్టం ఉంటుంది, కాంతి పుట్టేది అందులోనే. దాని చుట్టూ నీళ్లు తిరుగుతూ ఉండాలి. తిరక్కపోతే వేడికి పగులుతుంది. పగిలితే మిషన్ ఖరీదులో అయిదో వంతు బూడిదలో పోసినట్టే. "ముందు నీళ్లు, తరవాత గాలి, ఆ తరవాతే నిప్పు" అని వంటింటి పాఠంలా చెప్పేవాడు. గాలంటే పొగ లాగే ఫ్యాను. ఫలానా రకం ప్లాస్టిక్ పొరపాటున కూడా పెట్టొద్దని, దాని పొగ ఊపిరితిత్తుల్ని తినేస్తుందని చెప్పి, సాక్ష్యంగా తనే నాలుగుసార్లు దగ్గేవాడు. ఆ దగ్గు నటన కాదని మాకు చాలా రోజులకి గానీ తెలియలేదు.

డబ్బు పద్ధతి మొదట్లో తేలిగ్గా ఉండేది. ఆర్డరుతో వందకి నలభై, మిషన్ బయల్దేరే ముందు యాభై, శిక్షణ అయ్యాక పది. తరవాత పోటీ కంపెనీలు పుట్టుకొచ్చాయి. "సరుకు కళ్ల పడకుండా డబ్బెలా కడతాం" అని కొనేవాళ్లు అడగడం మొదలుపెట్టారు. ఓనరుగారు షరతులు మార్చి నాచేత రాయించారు. మొత్తం ఆరు. నాలుగోది ఇదీ: నలభై అందాక మిషన్ పంపుతాం, మిగతా అరవై చేతికి వచ్చేదాకా పెట్టె తెరవకూడదు. ఆరోది: పెట్టె తెరవకముందు బేరం వద్దనుకుంటే అడ్వాన్సులో సగం వెనక్కి ఇస్తాం, శిక్షణ పూర్తయితే మాత్రం పైసా ఇవ్వం. శిక్షణ అయిందంటే పెట్టె తెరిచినట్టే కదా అని ఓనరు లెక్క. పెట్టె తెరవకుండా ఎవరైనా నేర్పుతారనీ, ఎవరైనా నేర్చుకుంటారనీ మాలో ఎవరికీ తట్టలేదు.

ఆ షరతుల మీద సంతకం పెట్టినవాళ్లలో ఒకావిడని వాళ్ల వీధిలో స్టాంపుల కోడలు అనేవాళ్లు. కోర్టు ముందు గజం వెడల్పు కొట్టు. మామగారు అక్కడే రబ్బరు స్టాంపులు చేశాడు, ఆయన పోయాక కొడుకు చేశాడు. కొడుకు ఓ జ్వరంలో పదకొండు రోజుల్లో పోయాడు. అప్పట్నించీ ఈవిడే కూర్చుంటోంది. పిల్లలు లేరు. అత్తాకోడళ్లిద్దరే. పాత స్టాంపు మిషన్ రోజు విడిచి రోజు మొరాయించేది. ఉద్యోగులు ఉదయం ఆర్డరిచ్చి మధ్యాహ్నానికి కావాలనేవాళ్లు, ఈవిడ రేపు రమ్మనేది. వచ్చేవాళ్లు తగ్గిపోయారు. పాతది తెగనమ్మి, భర్త దాచిన కాస్తా దానికి కలిపి అడ్వాన్సు తెచ్చింది.

ఆ రోజు నా ఎదురుగా అత్తాకోడళ్లు పక్క పక్క కుర్చీల్లో కూర్చున్నారు.

"నేర్పడానికి ఎన్నాళ్లు పడుతుందండీ?" అని అడిగింది కోడలు.

"రెండు రోజులు."

"రెండు రోజుల్లో నా బుర్రకెక్కకపోతే?"

"ఫోన్ చేయొచ్చమ్మా."

"ఫోన్లో చెబితే ఎక్కే బుర్రయితే రెండు రోజులెందుకు, ఒక పూట చాలు" అంది అత్తగారు. ముగ్గురం నవ్వాం.

మిగతా అరవై కోసం పొదుపు సంఘంలో అప్పు మంజూరైందని కాగితం చూపించింది. పైన మంజూరు అని ఉంది, కింద గుండ్రటి ముద్ర ఉంది. రెంటికీ మధ్య ఉన్న నాలుగు లైన్లు నేను చదవలేదు. చదవాల్సింది నేనే.

పదిహేను రోజులకి మిషన్ వెళ్లింది. ఆ మర్నాడు మాస్టారు వెళ్లాడు. అక్కడ జరిగిందంతా తరవాత ఆయన నాకు ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

కొట్లో పట్టదని మిషన్ని ఇంట్లోనే దించారు. రెండు గదుల అద్దె వాటా. పెట్టె గుమ్మంలో పట్టకపోతే తలుపు ఊడదీసి లోపలికి చేర్చారట. ముందు గదిలో అత్తగారి మంచం ఉండేచోట ఇప్పుడు పెట్టె ఉంది. మంచం వంటగదిలోకి వెళ్లింది. ఊడదీసిన తలుపు గోడకి ఆనించి ఉంది, గుమ్మానికి దుప్పటి వేలాడుతోంది. పెట్టె చెక్కలకి నాలుగు వైపులా మా కంపెనీ పట్టీలు, పట్టీల మీద సీసపు సీళ్లు.

మాస్టారు కూర్చుని మంచినీళ్లు తాగి, "డబ్బు సిద్ధమేనా అమ్మా?" అన్నాడు. ఆ మాట అడగడం ఆయనకి ఎప్పుడూ ఇష్టం లేదు. కొత్త షరతులొచ్చాక పాఠానికి ముందు ఇది తప్పడం లేదు.

"సంఘంలో చెక్కు రాసి పెట్టారు మాస్టారూ. వెళ్లి తెచ్చుకోవడమే" అంది కోడలు.

ఇద్దరూ కలిసే వెళ్లారు. సంఘం గుమాస్తా దస్త్రం తీసి చూసి, "మిషన్ బిగించారా?" అన్నాడు.

"డబ్బు కడితే బిగిస్తాం" అన్నాడు మాస్టారు.

"బిగించాక మా ఇన్‌స్పెక్టరు వచ్చి, మిషన్ మీద నంబరు పలక చూసి రాసుకోవాలి. అప్పుడు చెక్కు. కాగితంలో ఉంది చూడండి."

ఉంది. నేను చదవని నాలుగు లైన్లలో రెండోది అదే.

"పెట్టె మీద కూడా నంబరు వేసి ఉందయ్యా" అన్నాడు మాస్టారు.

"పెట్టె మీదుంటే అది పెట్టె నంబరు. లోపల మిషనుందో రాళ్లున్నాయో నాకేం తెలుసు? నిరుడొకాయన ఇలాగే ఖాళీ పెట్టె చూపించి డబ్బు పట్టుకుపోయాడు." కసురుకోలేదట, చెడ్డవాడూ కాదట. వాళ్ల బాధ వాళ్లది.

అక్కడి నించే మాస్టారు నాకు ఫోన్ చేశాడు. "తమ్ముడూ, ఓనరుగారిని ఒక్క మాట అడుగు. పైన రెండు చెక్కలు ఊడదీస్తే చాలు. నంబరు పలక కనబడుతుంది. ఇన్‌స్పెక్టరు చూస్తాడు, చెక్కు వస్తుంది. నేనిక్కడే కూర్చుంటాను, మిషన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వను."

ఫోన్ చేత్తో మూసి ఓనరు గదిలోకి వెళ్లి చెప్పాను. ఆయన తలెత్తలేదు. "సీలు తెంచితే సరుకు పాతదైనట్టే. రేపు డబ్బు రాకపోతే ఆ మిషన్ నువ్వు కొంటావా?" అన్నాడు. నేను బయటికొచ్చి, "కుదరదట మాస్టారూ" అన్నాను. ఇంకోసారి అడిగి చూడనా అనలేదు. ఆయన "సరే తమ్ముడూ" అని పెట్టేశాడు.

ఇంటికి తిరిగొచ్చేసరికి అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. కోడలు జరిగింది చెప్పింది. పెద్దావిడ అంతా విని, "పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు" అని లోపలికి వెళ్లి టీ పెట్టింది.

మధ్యాహ్నం దాకా ముగ్గురూ పెట్టె చుట్టూ ఊరికే కూర్చున్నారు. మాస్టారికి ఊరికే కూర్చోవడం చేతకాదు. సంచీ తెరవడం, మూయడం, సీళ్ల వంక చూడటం. అంత దూరం వచ్చిన మనిషిని ఖాళీగా కూర్చోబెట్టామని వాళ్లకి మొహమాటం, వాళ్ల ఇంట్లో కూర్చుని వాళ్ల టీ తాగుతున్నానని ఈయనకి మొహమాటం.

చివరికి పెద్దావిడే అంది. "నాయనా, మీవాళ్లు పెట్టె తెరవొద్దన్నారు. నోరు తెరవొద్దనలేదు గదా?"

మాస్టారు ఆవిడ వంక చూశాడు. తరవాత గోడ మీది పాత క్యాలెండర్ అడిగి తీసుకుని, వెనక్కి తిప్పి, పెన్సిల్‌తో మిషన్ ముందు పలక గీశాడు. అసలు కొలతలకి గీశాడు. చేయి అలవాటు, గీత వంకర పోలేదు. "ఇక్కడ బటన్లుంటాయి" అంటే పెద్దావిడ కుట్టుపెట్టె తెచ్చి గుండీలు పోసింది. ఆపడానికి ఎర్రది, మొదలుపెట్టడానికి పచ్చది, తల అటూ ఇటూ కదపడానికి చొక్కా గుండీలు నాలుగు. పొడి గుడ్డ చుట్టిన అగ్గిపెట్టె కాంతి వచ్చే తల అయింది. నీళ్ల చెంబు నీళ్ల డబ్బా అయింది. తలుపు లేని గుమ్మం వైపు కిటికీ పొగ గొట్టం.

"ముందు ఏం చేస్తావమ్మా?"

"నీళ్లు."

"తరవాత?"

"గాలి. తరవాతే నిప్పు."

"నీళ్లు తిరగడం లేదని ఇక్కడ దీపం వెలిగింది. ఏం చేస్తావు?"

కోడలి వేలు ఎర్ర గుండీ మీద పడింది. ఆలోచించలేదు.

రబ్బరు మీద అక్షరాలు తిరగేసి చెక్కాలనీ, కంప్యూటర్లో దానికో గుర్తు నొక్కాలనీ, చాలామంది అది మరిచిపోయి రబ్బరంతా పాడుచేస్తారనీ చెప్పబోయాడు. ఆవిడ ఆ రోజు మొదటిసారి నవ్వింది. "మాస్టారూ, నాకు తిన్నగా ఉన్న అక్షరం చదవడమే కష్టం. పదేళ్లయింది, అన్నీ అద్దంలోంచే చూస్తున్నాను." నిజమే. ఆయన చెప్పింది పుస్తకంలో రాసుకుంటూ, తొందరలో రెండు మాటలు తిరగేసి రాసేసింది. మాస్టారు ఆ పుస్తకం చేతిలోకి తీసుకుని చూశాడట. అంతమందికి నేర్పాడు గానీ, అక్షరాన్ని చేత్తో ఎరిగిన మనిషి ఆయనకి తగిలింది ఆవిడొక్కతే.

ఆ రాత్రి లాడ్జిలో పడుకుని మర్నాడు తొమ్మిదికల్లా వచ్చాడు. రెండో రోజు మందం బట్టి వేగం ఎంత, బలం ఎంత అన్నది. అక్రిలిక్‌కి ఇంత, రబ్బరుకి ఇంత, పల్చటి చెక్కకి ఇంత. ఆవిడ అంకెలు రాసుకుని అప్పజెప్పింది. మధ్య మధ్య పెద్దావిడ కూడా జవాబులు చెప్పింది, సగం తప్పు. మిషన్ లోపల కాంతిని మళ్లించే అద్దాలు తుడవడం ఆవిడ కళ్లద్దాలతోనే చూపించాడు. ఐదయింది. ఆయన సంచీ మూయలేదు. ఆరున్నరకి, "ఇంక నా దగ్గర లేదమ్మా" అన్నాడు.

శిక్షణ పూర్తయిందని కొన్నవాళ్లు సంతకం పెట్టే కాగితం ఒకటి ఉంటుంది. దాన్ని ఆయన తీయలేదు. ఆవిడే అడిగింది. "నేర్చుకున్నాను కదా, సంతకం వద్దా?"

ఆయన ఆలోచించాడు. సంతకం లేకుండా వెళ్తే శిక్షణ కాలేదని అర్థం. డబ్బు వచ్చాక మళ్లీ రావాలి, రెండో రాకకి మా కంపెనీ విడిగా వసూలు చేస్తుంది. సంతకం ఉంటే ఆ ఖర్చు ఆవిడకి తప్పుతుంది. చెక్కు ఇవాళ కాకపోతే వారానికి వస్తుంది, పెట్టె తెరుచుకుని తనే మొదలుపెట్టుకోగలదు. ఆవిడ మేలు కోరే కాగితం ముందు పెట్టాడు. ఆరో షరతు ఆయన ఎన్నడూ చదవలేదు. అది డబ్బు సంగతి, డబ్బు సంగతులు నావి.

సోమవారం ఆఫీసుకొచ్చి సంచీ నా టేబుల్ మీద పెట్టి మొహం కడుక్కోవడానికి వెళ్లాడు. ఎప్పటిలాగే నేనే కాగితాలు తీసి దస్త్రంలో పెట్టుకున్నాను. ఆయన వచ్చి కుర్చీలో కూలబడి, "ఆ అమ్మాయికి మిషన్ ఇప్పించాలి తమ్ముడూ. ఎలాగో ఒకలాగ" అన్నాడు. ఆ వారంలో సంఘానికి నేను మూడు ఉత్తరాలు రాశాను, నంబరు పలక ఫోటో మా గోడౌన్ రికార్డులోంచి తీసి పంపాను. కంటితో చూస్తే తప్ప కుదరదన్నారు. ఓనరుగారిని రెండోసారి అడిగాను. ఈసారి తలెత్తి చూశాడు, అంతే. నెల దాటితే మంజూరు చెల్లదని సంఘం రాసింది. నెల దాటింది.

అప్పుడావిడ ఉత్తరం రాసింది. మిషన్ వెనక్కి తీసుకెళ్లమనీ, ఆరో షరతు ప్రకారం అడ్వాన్సులో సగం ఇప్పించమనీ. ఆ సగంతో పాతరకం స్టాంపు మిషనైనా ఎక్కడో సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుందని రాసింది. చక్కటి దస్తూరి.

ఓనరు ఆ దస్త్రం తెమ్మన్నాడు. తీసుకుని లేచాను. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి, లోపల ఉన్న సంతకం కాగితం సంగతి నాకు గుర్తొచ్చింది. అది తీసి జేబులో పెట్టుకోవచ్చు. ఎవరూ చూడటం లేదు. గుమ్మంలో ఆగాను. ఆగి, లోపలికి వెళ్లి మొత్తం దస్త్రం ఆయన ముందు పెట్టాను. నాకు పెళ్లీడు పిల్లలు లేరు, అప్పులు లేవు, చెప్పుకోవడానికి ఏ కారణమూ లేదు. భయం, అంతే.

ఓనరు తిరగేసి, "శిక్షణ పూర్తయినట్టుందే" అన్నాడు. "అయితే ఇచ్చేదేముంది?"

మాస్టారిని నేనే పిలిచి చెప్పాను. ఆయన నేరుగా ఓనరు గదిలోకి వెళ్లాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"ఆ కాగితం లెక్కలోకి తీసుకోకండి. పెట్టె తెరవనే లేదు. సీళ్లు సీళ్లలాగే ఉన్నాయి."

"పెట్టె సంగతి కాదు నేనడిగేది. నేర్పావా, లేదా?"

మాస్టారు దస్త్రం వంక చూశాడు.

"నేర్పకుండా నేర్పానని సంతకం తెచ్చావా?"

"లేదండి. నేర్పాను."

"ఆవిడకి వచ్చిందా?"

రాలేదంటే సరిపోయేది. ఒక్క అబద్ధం. కానీ జీవితంలో ఆయనకి మిగిలిందల్లా నేర్పడమొక్కటే. "నా దగ్గర ఇంత బాగా నేర్చుకున్నవాళ్లు లేరండి" అన్నాడు.

"మరింకేం" అన్నాడు ఓనరు. దస్త్రం మూశాడు.

మిషన్ లారీలో వెనక్కి వచ్చింది. పట్టీ ఒకటి వదులైంది గానీ సీళ్లు భద్రంగా ఉన్నాయి. ఇరవై రోజుల్లో ఇంకో ఊరివాళ్లకి కొత్తదిగానే అమ్మాం. అక్కడికి శిక్షణకి వెళ్లమని మాస్టారికి చెప్పాను. "వెళ్లను తమ్ముడూ" అన్నాడు. గొడవపడలేదు. సంచీలోంచి కంపెనీ వస్తువులు ఒక్కొక్కటీ తీసి నా టేబుల్ మీద పెట్టాడు, రసీదు అడిగి తీసుకున్నాడు. తనకి రావాల్సిన నెలన్నర జీతం స్టాంపుల కోడలికి పంపమన్నాడు. పంపాను. మనియార్డరు తిరిగి వచ్చింది. వెనక రెండు ముక్కలు రాసి ఉంది: "మీరు నేర్పారు, నేను నేర్చుకున్నాను. మీరు నాకు బాకీ లేరు." అది చదివి ఆయన ఇంకా కుంగిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదన్నాడు.

ఆ తరవాత ఆయన బస్టాండు పక్కన గొడుగు కింద తాళంచెవులు చేసేవాడు. ఆకురాయి, తాళంచెవి బిగించే చిన్న పట్టుగొయ్య, తీగకి గుచ్చిన పాత తాళంచెవుల గుత్తి. ఉలి మళ్లీ పట్టలేదు. చూపు అంత సన్నపనికి ఆనడం లేదని చెప్పేవాడు. దగ్గు ముదిరింది. నేను నెలకోసారి వెళ్లి పక్కన కూర్చునేవాణ్ణి. మిషన్ల మాట ఎత్తేవాడు కాదు, నేనూ ఎత్తేవాణ్ణి కాదు. వాళ్లావిడ మాత్రం ఓ రోజు క్యారియర్ తెచ్చి ఇస్తూ, "ఇన్నేళ్లకి ఇంటిపట్టున ఉన్నారు. ఉండి ఏం లాభం, మనసు ఇంట్లో ఉండదు" అని నాతో గొంతు తగ్గించి అంది.

స్టాంపుల కోడలి సంగతి నాకు ఒక కస్టమరు ద్వారా తెలిసింది. కోర్టు ముందు కొట్టు వదిలేసింది. అత్తగారు మంచాన పడింది. ఈవిడ మా ఊళ్లోకే మకాం మార్చి, షీల్డులూ మెమెంటోలూ చేసే ఒక కొట్లో మిషన్ దగ్గర పనికి కుదిరింది. "శిక్షణ ఎక్కడయింది?" అని అడిగితే మా కంపెనీ పేరు చెప్పిందట. అనుభవం ఎన్నేళ్లు అంటే, పని ఇచ్చి చూడమందట. కూర్చోబెట్టి చూశారు. మిషన్ ముట్టుకోవడం అదే మొదటిసారి అని వాళ్లకి తెలియలేదు.

ఇది చెబితే మాస్టారు చేతిలో ఆకురాయి పక్కన పెట్టేశాడు. "చూసి వద్దాం" అన్నాడు. అలాంటి మాట ఆయన నోట నేను చాలా రోజుల తరవాత విన్నాను. గొడుగు మూసి, మొహం కడుక్కుని, నాతో సిటీ బస్సెక్కాడు.

కొట్టు ముందంతా అద్దం. లోపల వరసగా షీల్డులు. వెనకవైపు మిషన్ దగ్గర ఆవిడ నిలబడి ఉంది, కళ్లకి పెట్టుకునే రంగు అద్దాలు తలమీదికి తోసుకుని. ఎదురుగా కొట్టు యజమాని. ఆయన చేతిలో షీల్డు ఉంది, బల్ల మీద ఇంకో పదిహేనున్నాయి. మాటలు బయటికి వినపడటం లేదు గానీ వేలు ఊగుతోంది. ఏదో పేరు తప్పు పడ్డట్టుంది. ఆవిడ కాగితం ఒకటి చూపించి ఇందులో ఇలాగే ఉందని చెప్పబోయింది. ఆయన ఆ కాగితం లాక్కుని బల్ల మీద కొట్టాడు. ఆవిడ తల దించుకుంది.

మాస్టారి చెయ్యి తలుపు పిడి మీద ఉంది. తీసేశాడు.

"లోపలికి వెళ్దాం మాస్టారూ. ఆయన వెళ్లిపోయాక మాట్లాడదాం."

"వద్దు తమ్ముడూ. మాటలు పడేటప్పుడు తెలిసినవాళ్లు కనబడకూడదు."

బస్సులో కిటికీ పక్క సీటు ఇచ్చాను. చాలా దూరం వచ్చాక, "ఆ మిషన్ మనదేనా?" అని అడిగాడు. కాదు, వేరే కంపెనీదన్నాను. తలూపాడు.

ఆ వానాకాలం దాటలేదాయన. ఊపిరితిత్తులు సగం పనిచేయడం లేదని ఆస్పత్రిలో చెప్పారు. ఇరవయ్యేళ్ల ఇత్తడి దుమ్మో, ఆ తరవాతి ప్లాస్టిక్ పొగో, రెండూనో, డాక్టరు తేల్చి చెప్పలేదు. పోయిన రోజు పొద్దున నేను షీల్డుల కొట్టుకి కబురు పంపాను. వస్తుందనుకోలేదు.

వచ్చింది. వాకిట్లో జనం వెనకాల ఒక పక్కగా నిలబడింది. నన్ను గుర్తుపట్టి, "ఆర్డరు ఫారం రాసింది మీరే కదండీ" అంది. మాటలో కోపం లేదు. అవునన్నాను. ఇంకా ఏదో చెబుదామని నోరు తెరిచాను, గుమ్మంలో ఆగిన సంగతి, దస్త్రం సంగతి. "పెద్దావిడ ఎలా ఉన్నారు?" అని మాత్రం అడిగాను.

"ఉన్నారండి. లేవలేరు."

మాస్టారి భార్య దగ్గరికి వెళ్లి కాసేపు కూర్చుంది. ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. మధ్యాహ్నం రెండింటికల్లా కొట్లో ఉండకపోతే రోజు జీతం పోతుందట. ఒంటిగంటకి లేచి, చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయింది.